తారు కలిపిన మాట

మా ఇంట్లో తలుపు వెనక ఎప్పుడూ ఒక కిరసనాయిలు సీసా ఉండేది. దీపానికి కాదు, మా ఆయన కాళ్లకు. ఆయన రోడ్డు మేస్త్రీ. తారు కాచే పీపాల దగ్గర, కాళ్లకు గోనెపట్టలు చుట్టుకుని, కంకర మీద పనివాళ్ల చేత తారు పోయించడం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఇంటికొస్తే మడమల మీద, వేళ్ల సందుల్లో నల్లటి చుక్కలు. కిరసనాయిల్లో గుడ్డ తడిపి రుద్దాలి, రుద్దిన చోట మండకుండా కొబ్బరినూనె రాయాలి. పగలంతా బళ్లో పిల్లల చేత ఎక్కాలు చెప్పించి గొంతు పోయి ఇంటికొచ్చాక, ఆ పని నాకు. విసుక్కుంటూనే చేసేదాన్ని. తారంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకే టీచరుకూ తెలిసుండదు. తర్వాత పేపర్లో ఆ మాట కనిపించినప్పుడు నాకు అనుమానం రాకపోవడానికి కారణం అదే.

మేం అల్లూరులో కాపురం పెట్టింది యాభైల చివర్లో. నాకు అక్కడి మిషన్ బళ్లో ఉద్యోగం, ఆయనకు అటు సముద్రం వైపు, ఇటు నెల్లూరు వైపు వేస్తున్న రోడ్ల మీద పని. అంతకు ముందు ఆయన మామూలు పనివాడే. వాళ్ల నాయనలాగే చుట్ట కాల్చేవాడు. మేస్త్రీ అయ్యాక సిగరెట్టుకు ఎక్కాడు. ఎందుకంటే పై అధికారి ఓవర్సీరు గారు సిగరెట్టు కాల్చేవారు. ఓవర్సీరు పక్కన నిలబడి కొలతలు చెప్పేటప్పుడు నోట్లో చుట్ట ఉంటే బాగుండదట! ఆ మాట ఆయన చెప్పినప్పుడు నేను నవ్వాను. చుట్ట కంపు వదిలింది కదా అని సంతోషించాను కూడా. సిగరెట్టు అంటే అప్పట్లో ఇస్త్రీ చొక్కాలాంటిది, మనిషి పైకొచ్చాడని చూపించేది.

పైకి రావడం సంగతి దేవుడెరుగు, దగ్గు మాత్రం వచ్చింది. అరవైల్లో ఆ దగ్గు మొదలైంది. తెల్లవారగానే గిన్నెలు తోముతున్న నాకు పెరట్లో ఆయన దగ్గు వినిపించేది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక గోడ పట్టుకుని. ‘మానెయ్యండి’ అని చెవినిల్లు కట్టుకుని పోరాను. ప్రార్థనలు చేశాను, అలిగాను, రెండు రోజులు మాట్లాడడం మానేశాను. మూడో రోజు నేనే మాట్లాడాను, ఉప్పు ఎక్కడుందో ఆయనకు తెలియదు కాబట్టి. ఆయనది ఒకటే జవాబు. “ఇది తారు పొగ వల్ల వచ్చిన దగ్గుమే. సిగరెట్టుది కాదు. పని మానెయ్యమంటావా?”

మా బడికి ఒక ఇంగ్లీషు పేపరు వచ్చేది, రెండు రోజులు ఆలస్యంగా. పెద్ద టీచరమ్మ చదివాక మాకిచ్చేది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ట్రైనింగులో నేర్చుకున్న నాలుగు ముక్కలు మర్చిపోకూడదని, మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో కూర్చుని కూడబలుక్కుని చదివేదాన్ని. ఒక శనివారం లోపలి పేజీలో, ఒక మూల, చిన్న ముక్క కనిపించింది. సిగరెట్టు పొగలో తారు ఉంటుందని, అది ఊపిరితిత్తుల్లో పేరుకుని పుండ్లు పడతాయని పైదేశాల డాక్టర్లు అంటున్నారట. ఇంగ్లీషులో ఉన్న మాట కూడా తారే. బళ్లో ఉన్న డిక్షనరీ తీసి చూశాను. అందులోనూ తారు అనే ఉంది. ఇంకేం కావాలి? బీడీ కాదు, సిగరెట్టు కాదు, ఆయనకు అన్నిటికంటే బాగా తెలిసిన వస్తువు పేరు పెట్టి మరీ చెప్పారు. పెద్ద టీచరమ్మను అడగకుండానే ఆ ముక్క చించి రవికలో దాచుకున్నాను. సోమవారం ఆమె నన్ను తిట్టింది, అది వేరే సంగతి.

ఆదివారం మిషన్ గుడి నుంచి వచ్చి ఆయన అన్నానికి కూర్చున్నాక ఆ ముక్క తీసి తెలుగులో చదివి వినిపించాను. ముద్ద నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

“తారా? మన తారా?”

“ఆ, మన తారే. మీ పీపాల్లో కాచే తారే.”

“సిగరెట్టులోకి తారు ఎట్టా వస్తాదిమే? ఎవుడు కలపతాడు?”

ఇక్కడే నేను నోరు జారాను. పేపర్లో కలిపే వాళ్ల ఊసు లేదు. పొగలో ఉంటుందనే ఉంది. ఎలా వస్తుందో నాకూ తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ టీచరుకి తెలియదు అనే మాట అంత తొందరగా నోటికి రాదు. పైగా ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఆ భయం చల్లారిపోతే మళ్లీ దొరకదనిపించింది.

“కంపెనీ వాడు కలుపుతాడు. ఆకు అంటుకోవాలని, తూకం రావాలని” అన్నాను.

ఆయన వెంటనే నమ్మాడు. నమ్మడూ మరి? ఆయన లోకంలో కలపనివాడు ఎవడున్నాడు! కంట్రాక్టరు తారులో మడ్డినూనె కలిపేవాడు, ఇసకలో మట్టి కలిపేవాడు, పాలవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. “దొంగనాకొడుకులు” అని కంచం ముందు నుంచి లేచి, జేబులో పెట్టె తీసి వీధి కాలవలో పారేశాడు. ఆ పేపరు ముక్క ఇటివ్వమని అడిగి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను చెయ్యి కడుక్కుని వంటింట్లో నిలబడి ఏడ్చాను, సంతోషంతో. ఏళ్ల తరబడి ప్రార్థనలు చేస్తే కాని పని ఒక్క మాటతో అయిందనుకున్నాను. ఆ ఒక్క మాట నేను కల్పించింది కదా అన్న ముల్లు ఉంది కానీ, ఆ పూట దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు సాయంత్రం ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో పేపరు ముక్క లేదు. ఎక్కడో పడిపోయుంటుందనుకున్నాను. ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. సిగరెట్టు లేక అలా ఉన్నాడనుకుని మజ్జిగలో ఉప్పూ అల్లమూ వేసిచ్చాను. తాగి బయటికి వెళ్లాడు. వచ్చేటప్పుడు నోట్లో చుట్ట ఉంది.

“ఇదేంటండీ!” అన్నాను.

“ఇది పొగాకు. పొలంలో పండింది, చేత్తో చుట్టింది. దీంట్లో కంపెనీ వోడు చెయ్యి పెట్టలా. తారు ఎక్కణ్ణించి వస్తాది చెప్పు?”

నేను చెప్పిన మాటే తిప్పి నాకు చెప్పాడు. ఒప్పుకోకపోతే, నిన్న చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. కాసేపు ఆలోచిస్తే నాకూ నిజమే అనిపించింది. వాళ్ల నాయన బతికినన్నాళ్లూ చుట్టే కాల్చాడు కదా, ఆయనకేమైంది అనుకున్నాను. ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. నెల్లూరు వెళ్లినప్పుడల్లా మంచి చుట్టలు ఏరి కట్ట కట్టించి తెచ్చింది నేనే. ఆకు చూసి, వాసన చూసి, పురుగు లేనివి ఏరి తెచ్చేదాన్ని. మొగుడికి మంచి బియ్యం తెచ్చినంత శ్రద్ధగా తెచ్చేదాన్ని.

మాట ఊరంతా పాకింది. టీచరమ్మ పేపర్లో చదివిందంటే ఇక తిరుగులేదు కదా. సిగరెట్టు కాల్చే వాళ్లు కొందరు చుట్టలకు దిగారు, కొందరు బీడీలకు మళ్లారు. మానేసిన వాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడూ లేడు. బస్సులు ఆగే చోట సిగరెట్ల బంకు పెట్టుకున్న సాయిబు నేను కనబడితే చాలు, మొహం మాడ్చుకునేవాడు. ఒకరోజు అడిగేశాడు.

“నా బేరం మీద మన్ను కొట్టినారు గదా టీచరమ్మా. నేనేం చేసినాను మీకు?”

“నేనేం చేశాను సాయిబూ, పేపర్లో వచ్చింది” అన్నాను, మొహం తిప్పుకుని.

మంచివాడు. మా ఆయనంటే ఇష్టం. కొన్నాళ్లకు సాయిబే ఒక కొత్త రకం తెప్పించాడు. సిగరెట్టు కొసన తెల్లటి దూది ముక్క ఉండేది. ఫిల్టరు అన్నాడు. మేం బస్సు కోసం నిలబడి ఉంటే మా ఆయన్ను పిలిచి, తెల్ల రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని మామూలు సిగరెట్టు పొగ ఊదాడు. రుమాలు మీద పసుపు మచ్చ పడింది. రెండోసారి ఫిల్టరుదాంతో ఊదాడు. మచ్చ లేతగా పడింది. తర్వాత బ్లేడుతో ఫిల్టరును నిలువునా కోసి చూపించాడు. లోపల దూది గోధుమరంగుకు తిరిగి ఉంది.

“చూడన్నా. తారంతా ఈడే ఆగిపోయింది. నీ లోపలికి పోయేది ఒట్టి పొగ.”

మా ఆయన ఆ దూదిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. నా వైపు చూశాడు. నేను తలూపాను. చుట్ట కంపుకి ఓవర్సీరు గారు మళ్లీ మొహం చిట్లిస్తున్నారని అప్పటికే ఆయనకు దిగులుగా ఉంది. ఆ రోజుతో చుట్ట పోయి ఫిల్టరు వచ్చింది.

ఆ తర్వాత రెండు మూడేళ్లు మా ఇంట్లో జరిగిన తంతు తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన పగలు కాల్చిన పీకలన్నీ జేబులో వేసుకుని వచ్చేవాడు. సాయంత్రం నేను కిరసనాయిలు గుడ్డతో ఆయన మడమలు రుద్దుతుంటే, ఆయన బ్లేడు తీసుకుని ఒక్కో పీకా కోసి చూసేవాడు. దూది ఎంత నల్లబడితే అంత సంతోషం. “చూడుమే, ఎంత ఆగిందో! ఇదంతా నా లోపలికి పోవాల్సింది” అనేవాడు. నేనూ చూసేదాన్ని. అవునండీ అనేదాన్ని. అది మా ఇంటి సాయంత్రపు ప్రార్థన అయిపోయింది, దేవుడు నన్ను క్షమించాలి. రోజూ పెట్టెడు కాల్చే మనిషి రెండు పెట్టెలకు వచ్చాడు. తారు ఆగిపోతున్నప్పుడు ఎన్నయితేనేం?

దగ్గు మాత్రం ఆగలేదు. చొక్కాలు వదులయ్యాయి. గొంతు బొంగురుపోయింది. రోడ్డు పనిలో నాలుగడుగులు వేసి కంకర కుప్ప మీద కూర్చుంటున్నాడని పనివాళ్లు వచ్చి చెప్పారు. ఒక ఉదయం ఉమ్మిలో ఎర్రటి చార కనిపించింది. దాని మీద కాలితో మట్టి కప్పబోయాడు, కానీ అప్పటికే నేను చూశాను. ఆ వారమే నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను.

ఎక్సురే తీశారు. రెండు రోజులు వరండాలో పడిగాపులు పడ్డాక డాక్టరమ్మ పిలిచింది. నా వయసే ఉంటుంది. ఆమె కళ్ల కింద కూడా నా కళ్ల కింద ఉన్నంత అలసట. ఫొటో దీపానికి ఎదురుగా పెట్టి చూసి, ఏం కాలుస్తారని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. నేనే జవాబిచ్చాను, తెలివైనదాన్ని కదా!

“ఫిల్టరుదేనండీ. తారు లేనిదే కాలుస్తారు. పేపర్లో చదివినప్పటి నుంచి జాగ్రత్తగానే ఉన్నాం.”

“తారు లేనిదా?” అంది ఆమె. “ఇంతకు ముందు?”

“చుట్టలండీ. అందులో కంపెనీ వాళ్లు కలపరు కదా.”

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి, “మీ ఇంట్లో కట్టెల పొయ్యేనా?” అని అడిగింది.

“అవునండీ.”

“పొయ్యి మీద కప్పుకి, దూలానికి నల్లగా జిగటగా పడుతుంది చూడండి. దాన్నేమంటారు మీరు?”

“పొగచూరు.”

“అదేనమ్మా. ఎవరూ కలపరు. ఆకు కాలితే పొగలో పుడుతుంది. సిగరెట్టయినా, బీడీ అయినా, చుట్టయినా అంతే. ఫిల్టరు కొంత ఆపుతుంది, మిగతాది లోపలికి పోతుంది. ఎక్కువ కాలిస్తే ఎక్కువ పోతుంది.”

పొగచూరు! ఎంత చిన్న మాట. నెలకొకసారి కొబ్బరి చీపురు కర్రకు కట్టి నేను దులిపేదే. దులిపాక తల రుద్దుకుంటే నల్లనీళ్లు కారేవి. ఆ ఆదివారం అన్నం దగ్గర తారు అనే బదులు పొగచూరు అని ఉంటే, ఎవడు కలిపాడని ఆయన అడిగేవాడే కాదు. పొగ ఉన్న చోటల్లా అది ఉంటుందని మా వీధిలో ప్రతి ఆడదానికీ తెలుసు. డిక్షనరీలో వెతికాను కానీ నా వంటింటి కప్పు వైపు తలెత్తి చూడలేదు. ఆయన నేల వంక చూస్తూ కూర్చున్నాడు. అది నా మీద కోపమే అనుకున్నాను.

చేసేదేమీ లేదని, ఇంటి దగ్గరే ఉంచుకోమని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. బస్సులో తిరిగొస్తుంటే ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తూ, ఎక్కడెక్కడ తాను తారు వేయించాడో, ఎక్కడ కంట్రాక్టరు మోసం చేశాడో చెబుతూ వచ్చాడు. దిగాక సాయిబు బంకు లోంచి లేచొచ్చి ఏమన్నారన్నా అని అడిగాడు. “ఏం లేదు సాయిబూ. ఆ పేపరోడు తప్పు రాసినాడు” అన్నాడు ఆయన. నా తప్పు పేపరు మీద వేసి నన్ను కాపాడాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. బడికి సెలవు పెట్టాను. పగలంతా మంచం పక్కనే. ఒళ్లు తుడవడం, గంజి పట్టించడం, ఉమ్మి గిన్నె మార్చడం. తలుపు వెనక కిరసనాయిలు సీసా అలాగే ఉండిపోయింది, ఆయన కాళ్లు తెల్లగా, పసిపిల్లాడి కాళ్లలా అయిపోయాయి. ఆ కాళ్లను చూసినప్పుడల్లా నా లోపల ముల్లు కదిలేది. చివరికి ఒక మధ్యాహ్నం, ఇక మోయలేక, చెప్పేశాను.

“ఏమండీ. కంపెనీ వాడు కలుపుతాడని పేపర్లో లేదండీ. అది నేనే అన్నాను. నా అంతట నేనే అన్నాను. మిమ్మల్ని మాన్పించాలని.”

కళ్లు తెరిచి నా వంక చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

“తెలుసులేమే” అన్నాడు.

“తెలుసా?”

“ఆ ముక్క మర్నాడే ఓవర్సీరు గారికి చూపించినా. ఆయన చదివి అంతా చెప్పినాడు. తారు కలిపేది కాదు, కాలిస్తే పుట్టేది అన్నాడు. అన్నీ ఒకటేనన్నాడు. దాన్ని తీసకపోయి తారు పొయ్యిలో వేసినా.”

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు! నేను ఏరి తెచ్చిన చుట్టలు, ఆ పీకలు కోయడం, ఆ డాక్టరమ్మ ముందు తల వంచుకుని కూర్చోవడం. “మరి నాకెందుకు చెప్పలేదు? తెలిసి తెలిసి ఎందుకు కాల్చారు?” అని అరిచాను. చావబోయే మనిషి మీద అరిచాను.

ఆయనకు దగ్గొచ్చింది. తగ్గాక, ఒక్కో మాటే కూడదీసుకుని చెప్పాడు.

“ఓవర్సీరు చెప్పినదాంట్లో దోవ లేదుమే. మానాల్సిందే. నువ్వు చెప్పినదాంట్లో దోవ ఉండాది. తారు లేనిది వెతుక్కుంటే చాలు. నీ మాటే బాగుండింది. పీకలు కోసి చూసేటప్పుడు నిజమే అనుకునేవాణ్ణి.”

నేను ఏడవలేదు. అప్పటికి ఏడ్చే ఓపిక కూడా లేదు. తప్పు నాదేనని ఇన్నాళ్లు మోసిన బరువు దిగింది, కానీ దాని చోట ఇంకోటి ఎక్కి కూర్చుంది. నేను అబద్ధం చెప్పకపోతే ఆయనకు దోవ దొరికేది కాదేమో. దొరకకపోయినా ఇంకోటి వెతుక్కునేవాడేమో. ఈ రెంటిలో ఏది నిజమో ఆ రోజు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. గ్యాసు పొయ్యి వచ్చింది, కప్పుకి పొగచూరు పట్టడం మానేసింది, అది మాత్రం తేలలేదు.

కాసేపటికి ఆయన చెయ్యి చాపి నా కొంగు పట్టుకున్నాడు.

“ఒకటి ఇయ్యిమే.”

ఎన్నేళ్లు పోరానో ఆ చేతితో! ఆ పూట పోట్లాడలేకపోయాను. గూట్లో ఒక పక్క నేను తెచ్చిన చుట్టల కట్ట మిగిలి ఉంది, ఇంకో పక్క సాయిబు ఇచ్చిన ఫిల్టరు పెట్టె. లేచి గూటి దగ్గరికి వెళ్లి, అలవాటు కొద్దీ అడిగాను.

“ఏది కావాలి?”

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నెలల్లో ఆయన నవ్వడం అదొక్కసారే.

“ఏదైతే ఏముందిమే” అన్నాడు.

చేతికి అందింది తీసి, అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి వెళ్లాను.